సెయింట్ కిల్డా: సముద్రము నడుమ ఒక గ్రామము, ఒక సంఘము
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో ఎదిగిన సంఘముల కథలు చెప్పుకొనడము ఆనవాయితీ. ఏ ఊరిలో మొదట ఎవరు బాప్తిస్మము పొందారు, ఏ చెట్టు క్రింద మొదటి ఆరాధన జరిగింది, ఏ సంవత్సరము గుడి కట్టారు అని వినడానికి మనకందరికి ఇష్టమే. ఆ కథలు ఈ సంచికలో వేరే పెద్దలు వ్రాస్తున్నారు. మేము మాత్రము ఈ సాయంత్రము మూతపడిన ఒక సంఘమును గురించి మాట్లాడదలచాము. అది మన దేశములోది కాదు. స్కాట్లండు దేశానికి పడమటి కొనను, నడిసముద్రములో ఉన్న ఒక చిన్న గ్రామము. ఆ గ్రామమునకు, మన మండలములోని చిన్న చిన్న పల్లె సంఘములకు మధ్య ఒక పోలిక ఉన్నదని మాకు తోచింది. ఆ పోలికను చివర మనవి చేస్తాము. ముందుగా ఊరిని చూపిస్తాము.

ద్వీపము

స్కాట్లండు పశ్చిమ తీరమునకు ఆవల హెబ్రిడీస్ అనే ద్వీపముల వరుస ఉన్నది. ఆ వరుసలో ఉత్తర యూయిస్ట్ అనే ద్వీపము ఒకటి. అక్కడినుండి ఇంకా పడమరగా, అట్లాంటిక్ మహాసముద్రములో సుమారు 64 కిలోమీటర్లు పోతే సెయింట్ కిల్డా కనబడుతుంది. హిర్టా, డూన్, సోయె, బోరరే అని నాలుగు ద్వీపములు. వాటి ప్రక్కన నీటిలోనుండి నిటారుగా లేచిన రాతి స్తంభములు. పేరులో పరిశుద్ధుడన్న మాట ఉన్నది గాని, కిల్డా అనే పరిశుద్ధుడు చరిత్రలో ఎక్కడా లేడు. పాత నార్సు భాషలోని ఏదో మాట పటములు గీసేవారి చేతిలో అలా మారిపోయిందని పండితులు తలుస్తారు.

ఇవన్నీ సుమారు ఐదున్నర కోట్ల సంవత్సరముల క్రిందట మండి చల్లారిన ఒక అగ్నిపర్వతపు శేషములు. మనుష్యులు కాపురమున్నది హిర్టాలో. దాని వైశాల్యము ఏడు చదరపు కిలోమీటర్లకు లోపే. అందులోనే కోనహెర్ అనే 430 మీటర్ల కొండ ఉన్నది. హైదరాబాదు చార్మినారు వంటివి ఏడింటిని ఒకదానిపై ఒకటి నిలిపినా ఆ శిఖరము అందదు. ఒక ప్రక్క అది పచ్చిక వాలు. రెండవ ప్రక్క శిఖరము దగ్గరనుండి తిన్నగా సముద్రములోనికి దిగిన గోడ. బ్రిటనులో ఇంత ఎత్తయిన సముద్రపు కొండచరియలు మరెక్కడా లేవు. బోరరే ప్రక్కనున్న స్టాక్ ఆన్ ఆర్మిన్ అనే రాతి స్తంభము 196 మీటర్లు. ఈ పేరు జ్ఞాపకము ఉంచుకొనండి, మరల వస్తుంది.

ద్వీపములో ఒక్క చెట్టు కూడా లేదు. ఉప్పుగాలి దేనినీ పెరుగనివ్వదు. ఆగ్నేయ దిక్కున గుర్రపు లాడము ఆకారములో ఒక అఖాతము, దాని ఒడ్డున ఒకే ఒక వీధి. ఆ వీధిలో సముద్రమువైపు ముఖము పెట్టిన రాతి ఇండ్లు, వాటి ముందు వెనుక సన్నని చేని పట్టెలు. బార్లీ, ఓట్లు, తరువాత కాలమున బంగాళాదుంపలు పండించేవారు. కొద్ది ఆవులు, చాలా గొర్రెలు. కొండ అంతటా రాళ్లను సున్నము లేకుండా పేర్చి పైన గడ్డిపెళ్లలు కప్పిన చిన్న గుడిసెలు కనబడతాయి. వీటిని క్లీట్ అంటారు. హిర్టాలోనే పన్నెండు వందలకు పైగా ఉన్నాయి. రాళ్ల సందులలోనుండి గాలి ఆడుతుంది, వాన లోపలికి రాదు. ఎండబెట్టిన పక్షి మాంసము, గ్రుడ్లు, ఈకలు, పీటు అనే మట్టి వంటచెరకు అందులోనే దాచుకునేవారు. మన ఊళ్లలో గాదె, పురి ఎటువంటివో వారికి క్లీట్ అటువంటిది.

పడవ దిగడానికి మంచి రేవు లేదు. ఆగ్నేయపు గాలి లేచిందంటే వచ్చిన ఓడ ఎవరినీ దింపకుండానే తిరిగిపోవలసినదే. చలికాలము మొదలైతే వేసవి వరకు బయటి లోకముతో మాట ఉండేది కాదు.

ప్రజలు, వారి పని

ఇటువంటి చోట మనుష్యులు కనీసము రెండు వేల సంవత్సరములు జీవించారు. వారి భాష గేలిక్. ద్వీపము మెక్లియడ్ వంశపు ప్రభువుల సొత్తు. వారి తరపు మనిషి వేసవిలో వచ్చి శిస్తు తీసికొని పోయేవాడు. శిస్తు డబ్బు రూపమున కాదు. ఈకలు, నూనె, బార్లీ, గుడ్డ, ఇటువంటివే.

1697లో మార్టిన్ మార్టిన్ అనే విద్యావంతుడు అక్కడికి వెళ్లి, మరుసటి సంవత్సరము ఒక పుస్తకము ప్రకటించాడు. అప్పుడు జనము 180 మంది. సముద్రము నడుమ ఉన్నవారు గనుక చేపలు పట్టి బ్రతికారని మనము అనుకుంటాము. ఆ సముద్రములో చిన్న పడవ నిలువదు. వారి పంట పొలము కొండచరియ. వారి పంట పక్షులు. గానెట్, ఫుల్మార్, పఫిన్ అనే సముద్రపు పక్షులు అక్కడ లక్షలకొలదిగా గూళ్లు కడతాయి. మగవారు నడుముకు త్రాడు కట్టుకొని, వట్టి కాళ్లతో ఆ చరియలు దిగి గ్రుడ్లు, పిల్లలు పట్టేవారు. ఫుల్మార్ మాంసము ఆహారము, దాని నూనె దీపమునకు, మందునకు, ఈకలు శిస్తునకు. మన పల్లెలలో తాటిచెట్టులో వ్యర్థమైనది లేదంటారు. అక్కడ ఫుల్మార్ పక్షి అటువంటిది.

పెండ్లి చేసికొనగోరిన యువకుడు ఒక పరీక్ష ఇవ్వాలని మార్టిన్ వ్రాశాడు. అగాధము మీదికి చొచ్చుకొని ఉన్న ఒక రాతి అంచున ఒక మడమ మీద నిలిచి ముందుకు వంగాలట. త్రాడు మీద భార్యాబిడ్డలను పోషించవలసినవాడు తూలకుండా ఉండగలడా లేదా అని పెద్దలు చూడడము అక్కడ వేడుకకు మించిన పని.

ఆదివారము తప్ప ప్రతి ఉదయము ప్రార్థన అయిన తరువాత మగవారందరు వీధిలో కూడేవారు. ఆ రోజు ఏ పనికి పోవాలి, ఏ చరియకు పోవాలి అని మాట్లాడుకొనేవారు. చూడవచ్చినవారు దీనికి వేడుకగా పార్లమెంటు అని పేరు పెట్టారు. అధ్యక్షుడు లేడు, నియమావళి లేదు, అందరికి మాట్లాడే హక్కు ఉన్నది. వాదములు గట్టిగానే జరిగేవి. అయినా ఊరు ఎన్నటికీ కలిసిరానంతగా చీలిపోయిన జగడము ఒక్కటి కూడా లేదని వారిని ఎరిగినవారు వ్రాశారు.

వేటలో దొరికినది కుప్ప పోసి పంచుకొనేవారు. చరియ దిగనలవికాని ముసలివారికి, రోగులకు, విధవరాండ్రకు కూడా వాటా వచ్చేది. దానిని ధర్మమని పిలువలేదు. అది వారి భాగము, అంతే. త్రాడు పట్టినవారి ప్రాణము త్రాడు విడువనివారి చేతిలో ఉన్నచోట, నాది నీది అనే లెక్క ఎక్కువ దూరము సాగదు.

1727

ఆ సంవత్సరము ద్వీపమునకు మశూచి వచ్చింది. హారిస్ ద్వీపములో చనిపోయిన ఒక హిర్టావాసి బట్టలను ఇంటికి తేవడముతో వ్యాపించిందని చెబుతారు. అంతకు కొద్ది రోజుల ముందే ముగ్గురు పెద్దవారిని, ఎనిమిదిమంది బాలురను గానెట్ పిల్లలను పట్టడానికి స్టాక్ ఆన్ ఆర్మిన్ మీద దింపి, పడవ తిరిగి వచ్చింది. వారిని తీసికొని రావడానికి మరల పడవ పోలేదు. తెడ్డు వేసే మనుష్యులు మిగలలేదు.

ఆ పదకొండుగురు శీతకాలమంతా ఆ రాతి మీద, పక్షులు, చేపలు తిని, రాళ్ల గూటిలో తలదాచుకొని బ్రతికారు. వసంతములో ప్రభువు మనిషి వచ్చి వారిని దింపేవరకు వారికి ఊరి వార్త తెలియదు. ఊరిలో ఒక్క పెద్ద మనిషి, పద్దెనిమిదిమంది పిల్లలు మిగిలారు. హారిస్ నుండి కొత్త కుటుంబములను తెచ్చి ప్రభువు ఊరిని మరల నిలబెట్టాడు. 1764 నాటి లెక్కలో జనము 90. ఒకసారి చచ్చి లేచిన ఊరు అది.

సువార్త, సంఘము

క్రైస్తవ మతము అక్కడికి చాలా పూర్వమే చేరింది గాని, బోధకుడు నిలకడగా ఉండినది తక్కువ. 1705లో అలెగ్జాండర్ బుకన్ అనే బోధకుడు వెళ్లి జీవితాంతము అక్కడే గడిపాడు. తరువాత చాలా కాలము సంఘము చల్లబడింది.

1822లో ఫెరింటోష్ గురువైన జాన్ మెక్‌డొనాల్డ్ అక్కడికి వచ్చాడు. ఉత్తర దేశపు అపొస్తలుడని ఆయనకు పేరు. పదకొండు రోజులు ఉండి పదమూడు ప్రసంగములు చేశాడు. అంతటితో తృప్తిపడి పోలేదు. తిరిగిపోయి స్కాట్లండు అంతటా చందాలు పోగుచేశాడు, మరల మరల వచ్చాడు. ఆ సొమ్ముతో 1820ల చివర దేవాలయము, గురువుగారి ఇల్లు లేచాయి. దీపస్తంభములు కట్టి పేరుపొందిన రాబర్ట్ స్టీవెన్‌సన్ అనే ఇంజనీరు వాటికి నమూనా వేశాడు. గంటగోపురము, రంగుటద్దములు ఏమీ లేని సాదా రాతి గది. 1830లో మెక్‌డొనాల్డ్ చివరిసారి వచ్చినప్పుడు నీల్ మెకెంజీ అనే యువ గురువును వెంటబెట్టుకొని వచ్చి ఆ ప్రజలకు అప్పగించాడు.

మెకెంజీ కుటుంబముతో పదమూడు సంవత్సరములకు పైగా ఉన్నాడు. చదువుట, వ్రాయుట, లెక్కలు నేర్పడానికి బడి పెట్టాడు. అప్పటికి ప్రజలు కిటికీ లేని గుడిసెలలో, పశువులతో ఒకే కప్పు క్రింద ఉండేవారు. 1834లో సర్ థామస్ ఆక్లాండ్ అనే యాత్రికుడు కొత్త ఇండ్ల కొరకు కొంత సొమ్ము ఇచ్చి వెళ్లాడు. మెకెంజీ ఊరివారితో కలిసి భూమిని పట్టెలుగా విభజించి, ఇండ్లను వరుసగా కట్టించాడు. నేటి వీధి ఆకారము అప్పటిది. 1860లో పెనుగాలికి ఇండ్లు దెబ్బతిన్న తరువాత, మరి రెండేండ్లలో పదహారు కొత్త ఇండ్లు ఆ వరుసలోనే కట్టారు.

మధ్యలో ఒక దుఃఖము జరిగింది. 1852లో ముప్పదియారుగురు ఆస్ట్రేలియాకు వలసపోయారు. ఓడలో అంటురోగము వచ్చి వారిలో ఇంచుమించు సగముమంది ఒడ్డు చేరలేదు. నూటికి పైగా ఉన్న జనము ఒక్కసారిగా తగ్గి, తరువాత ఏబది సంవత్సరములు డెబ్బై ఎనభై మధ్యనే ఉండిపోయింది.

ఇద్దరు గురువులు

ఈ సంఘ చరిత్రలో మనము ఎక్కువగా ఆలోచింపదగినవారు ఇద్దరు.

మొదటివాడు జాన్ మెకే. 1865 నుండి 1889 వరకు ఫ్రీ చర్చి పక్షమున అక్కడ గురువు. చాలా కఠినుడు. ఆదివారము మూడు ఆరాధనలు, ఒక్కొక్కటి రెండు మూడు గంటలు. పిల్లలు ఆడరాదు, ఎక్కడికి పోయినా చేతిలో బైబిలు ఉండాలి. ఒకప్పుడు ఊరిలో తిండికి కటకటగా ఉండగా సహాయపు ఓడ శనివారము వచ్చింది. విశ్రాంతిదినమునకు సిద్ధపడవలసి ఉన్నది గనుక సరుకు దింపరాదని గురువుగారు అన్నారట. సోమవారము వరకు ఓడ అలాగే నిలిచింది.

సెయింట్ కిల్డాను గురించి వ్రాసిన చాలామంది ఈ సంగతి పట్టుకొని, ఊరిని మతమే పాడుచేసిందని తీర్పు చెప్పారు. మాకు ఆ తీర్పు పూర్తిగా సరి అనిపించలేదు. ఆ వ్రాసినవారిలో అనేకులు వేసవిలో కొన్ని గంటలు, కొన్ని రోజులు ఉండి వెళ్లినవారు. వారు చూచినది ఆదివారము. చూడనిది తక్కిన ఆరు రోజులు. చరియ అంచున ప్రతిదినము ప్రాణము పణముగా పెట్టేవారికి వారమునకు ఒక దినము చేతులు కట్టుకొని కూర్చుండడము భారమో, ఊరటో బయటివారు తేల్చజాలరు. అయినా ఆకలిగొన్న ఊరి ముందు రొట్టె నిలిచి ఉండగా ఆపిన చేయి మంచిదని మేము చెప్పలేము. నియమము మనుష్యుని కొరకు ఉన్నదన్న సంగతి మెకేగారు ఆ శనివారము మరచారు.

రెండవవాడు ఆంగస్ ఫిడ్డెస్. మెకే తరువాత 1889లో వచ్చి 1903 వరకు ఉన్నాడు. ఈయన చేసిన పని అర్థము కావడానికి ఊరిలోని అన్నిటికంటె పెద్ద దుఃఖమును చెప్పాలి. అనేక తరములుగా ఆ వీధిలో పుట్టిన శిశువులలో సగముకంటె చాలా ఎక్కువమంది మొదటి వారములోనే చనిపోయేవారు. నాలుగైదు రోజులకు బిడ్డ పాలు త్రాగడము మానివేసేది, దవడ బిగుసుకొనేది, ఎనిమిది రోజులకు అంతా ముగిసేది. ఊరివారు దానిని ఎనిమిది రోజుల జబ్బు అని పిలిచేవారు. అది ధనుర్వాతము. బొడ్డు కోసిన చోట మైల సోకడమువలన వచ్చేది. బొడ్డుకు ఫుల్మార్ నూనె పూయడమే కారణమని కొందరు తలిచారు గాని, అది రుజువు కాలేదు. తల్లులు దానిని దేవుని చిత్తమని ఒప్పుకొన్నారు. ఒప్పుకొనక ఏమి చేయగలరు? ఒక ఇంటిలో బిడ్డల సమాధులు బ్రతికిన బిడ్డలకంటె ఎక్కువ.

ఫిడ్డెస్‌గారు ఒప్పుకొనలేదు. గ్లాస్గో పట్టణమునకు పోయి, కాన్పు సమయమున చేతులు, కత్తెర, గుడ్డలు ఎలా శుద్ధి చేయాలి, క్రిములను చంపే మందులను బొడ్డుకు ఎలా వాడాలి అని వైద్యుల దగ్గర నేర్చుకొని వచ్చాడు. ఊరి మంత్రసానికి ఇది నచ్చలేదు. తరతరముల ఆచారమును ఒక పురుషుడు, అందునా గురువు, వచ్చి మార్చమనడము ఏమిటని స్త్రీలు ఎదురు తిరిగారు. ఆయన కోపపడి పోలేదు, పట్టు వదలలేదు. 1890ల మధ్యకు వచ్చేసరికి ఎనిమిది రోజుల జబ్బు ఆ ద్వీపములో లేకుండా పోయింది.

ఫిడ్డెస్‌గారి ప్రసంగములు ఎలా ఉండేవో మేము వినలేదు. ఆ దేవాలయపు బల్లలమీద 1895 తరువాత కూర్చున్న పిల్లలు మాత్రము ఆయన బోధకు సాక్షులు.

బయటి లోకము

1877 ప్రాంతమునుండి వేసవిలో ఓడలు యాత్రికులను తేసాగాయి. వారు ద్వీపవాసులను వింత జంతువులను చూచినట్లు చూచేవారు, ఫొటోలు తీసేవారు, చిల్లర ఇచ్చేవారు. ఊరివారు ఉన్ని గుడ్డ, మేజోళ్లు, పక్షి గ్రుడ్లు అమ్మేవారు. డబ్బు తెలియని ఊరికి డబ్బు తెలిసింది. డబ్బుతో కొనగలిగిన టీ, పంచదార, పిండి కూడా తెలిశాయి. తమ బ్రతుకును బయటి కన్నులతో చూచుకొనడము మొదలైంది. మాకు తోచినంతవరకు, ఏ కఠిన గురువుకంటె ఎక్కువగా ఊరిని మార్చినది ఇదే.

ఆ 1877లోనే జాన్ శాండ్స్ అనే పత్రికా రచయిత, ఓడ పగిలి వచ్చిన ఆస్ట్రియా నావికులతో పాటు, అక్కడ చిక్కుపడ్డాడు. తిండి చాలక, ఒక చీటి వ్రాసి సముద్రములో వదిలారు. అది తొమ్మిది రోజులలో ఆర్క్నీ తీరము చేరింది, సహాయము వచ్చింది. అటుతరువాత ద్వీపవాసులు కూడా చిన్న చెక్క పడవను తొలిచి, చీటి పెట్టి, గొర్రె తిత్తిని బుంగగా కట్టి గాలి వాటము చూచి వదిలేవారు.

మొదటి యుద్ధములో నావికాదళము అక్కడ తంతి లేని వార్తాకేంద్రము పెట్టింది. 1918 మే 15న ఒక జర్మను జలాంతర్గామి వచ్చి 72 గుండ్లు పేల్చింది. దేవాలయము, గురువుగారి ఇల్లు, సరుకుల కొట్టు దెబ్బతిన్నాయి. చచ్చినది ఒక గొర్రెపిల్ల మాత్రమే.

యుద్ధకాలములో నావికుల వలన క్రమముగా ఉత్తరములు, సరుకులు, చేతికి జీతము అందాయి. వారు వెళ్లిపోగానే అవన్నీ పోయాయి. రుచి తెలిసిన యౌవనస్థులు నిలువలేదు. 1920లో 73 మంది ఉన్న ఊరు 1928 నాటికి 37 అయింది. 1926లో ఇన్‌ఫ్లుయెంజాతో నలుగురు మగవారు పోయారు. త్రాడు పట్టడానికి, పడవ నడపడానికి, ఓడనుండి సరుకు మోయడానికి చేతులు చాలలేదు. 1930 జనవరిలో ఒక గర్భవతికి జబ్బు చేస్తే, వాతావరణము కుదిరి ఓడ ఎక్కించేసరికి వారములు గడిచాయి. గ్లాస్గో ఆసుపత్రిలో ఆమె, పుట్టిన బిడ్డ కూడా చనిపోయారు. ఆమెకు క్షయ అని చాలా సంవత్సరములకు గాని తెలియలేదు. ఊరికి మాత్రము ఆ చావు ఒక మాట చెప్పింది: మరొక చలికాలము ఇక్కడ గడపలేము.

వెళ్లిపోవడము

అప్పుడు ద్వీపములో నర్సుగా ఉన్న విలియమీనా బార్క్లే, బోధకుడుగా ఉన్న డూగల్డ్ మన్రో ప్రజలతో కూర్చుండి మాట్లాడారు. 1930 మే 10న ఊరివారు ప్రభుత్వమునకు విన్నపము వ్రాసి సంతకములు చేశారు. తమను ద్వీపమునుండి తీసికొనిపోయి ఎక్కడైనా ఇల్లు, పని చూపించమని కోరారు. అందరిని ఒకే చోట ఉంచండని కూడా పట్టుపట్టలేదు.

ఆగస్టు నెలాఖరున వెయ్యికి పైగా గొర్రెలను ఓడ ఎక్కించి అమ్మకమునకు పంపారు. కుక్కలను తీసికొనిపోయే వీలు లేదు; వాటి మెడకు రాళ్లు కట్టి అఖాతములో ముంచారు. ఆ సంగతి మాత్రము వారిలో అనేకులు తరువాత నోట చెప్పలేకపోయారు. 1930 ఆగస్టు 29 ఉదయము, ప్రతి ఇంటిలో ఒక బైబిలును తెరచి బల్లమీద ఉంచి, ప్రక్కన చిన్న కుప్పగా ఓట్లు పోసి, తలుపులు మూసివేశారు. ఒక ఇంట నిర్గమకాండము దగ్గర తెరచి ఉన్నదంటారు. పదమూడుగురు పురుషులు, పదిమంది స్త్రీలు, ఎనిమిదిమంది బాలికలు, ఐదుగురు బాలురు, మొత్తము ముప్పదియారుగురు హెయర్‌బెల్ అనే నావికాదళపు ఓడ ఎక్కారు. 1852లో ఆస్ట్రేలియా ఓడ ఎక్కినవారి సంఖ్య కూడా అదే.

ఎక్కువమందిని స్కాట్లండు ప్రధాన భూభాగములో మోర్వెర్న్ అనే ప్రాంతమున దింపారు. ప్రభుత్వము వారికి అడవిశాఖలో పని ఇచ్చింది. జన్మములో చెట్టు చూడనివారికి చెట్లు నాటే కూలి! చరియమీద ఈగవలె ప్రాకగల మనుష్యుడు మొక్కల వరుసలో గునపము పట్టుకొని నిలిచాడు. కొందరు కుదురుకొన్నారు, కొందరు కుదురుకొనలేదు. కొద్దిమంది వేసవిలో తమ ఇండ్లు చూచుకొనడానికి తిరిగి వెళ్లేవారు.

ద్వీపమును 1931లో ఒక ప్రభువు కొన్నాడు. ఆయన తరువాత 1957లో అది స్కాట్లండు నేషనల్ ట్రస్టు వశమైంది. ఆ సంవత్సరమే సైన్యము అక్కడ రాడార్ కేంద్రము పెట్టింది. 1986లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించింది. మొదట పక్షులకు, ప్రకృతికి. తరువాత 2004లో చుట్టూ ఉన్న సముద్రమునకు. 2005లో మనుష్యులు విడిచిన గుర్తులకు కూడా ఆ గౌరవము లభించింది. దేవాలయమును, బడిగదిని వెనుకటివలె బాగుచేసి ఉంచారు. అక్కడ పుట్టినవారిలో చివరివరకు బ్రతికిన స్త్రీ 2016లో, 93వ యేట కన్నుమూసింది. ఓడ ఎక్కిన నాటికి ఆమెకు ఎనిమిదేండ్లు.

మన మాట

ప్రియులారా, ఇప్పుడు మేము ముందు చెప్పిన పోలిక. మన మండలములో కూడా ఒకప్పుడు ముప్పై నలభై గడపలున్న పల్లె సంఘములు ఉన్నాయి. నేడు వాటిలో కొన్నింటికి ఆదివారము పదిమంది వస్తారు. పిల్లలు హైదరాబాదులోను, గల్ఫులోను, అమెరికాలోను ఉన్నారు. గుడి పెంకులు జారుతున్నాయి. ఈ సంఘములను ఏమి చేయాలి అని కమిటీలలో ప్రశ్న వస్తూనే ఉన్నది. కొందరు ఎట్లయినా నిలబెట్టాలి అంటారు, కొందరు ప్రక్క ఊరిలో కలిపివేయడమే మేలంటారు. రెండు వైపులా ప్రేమ ఉన్నది. మేము ఒక పక్షము వహించడానికి నిలువలేదు. సెయింట్ కిల్డానుండి మాకు తోచిన మూడు మాటలు మాత్రము మీ ముందు పెడతాము.

మొదటిది, ఆ ఊరు మూయాలో వద్దో ఊరే చెప్పింది. దూరమున కూర్చున్న వారెవరో నిర్ణయించి ఓడ పంపలేదు. నర్సు, బోధకుడు ప్రక్కన కూర్చున్నారు, కాగితము వ్రాయడానికి సాయపడ్డారు, సంతకములు ప్రజలవి. చిన్న సంఘము భవిష్యత్తును గురించి మాట్లాడేటప్పుడు, ముందుగా ఆ పదిమంది ఇంటికి పోయి వారి మాట వినడము మన ధర్మము.

రెండవది, ఒక చిన్న చోట ఒక సేవకుడు ఎంత చేయగలడో, ఎంత చెరుపగలడో ఇద్దరు గురువులు చూపించారు. చిన్న ఊరని చేతకానివానిని పంపడము, శిక్షగా పంపడము మన మధ్య లేదని గుండెమీద చేయి వేసికొని చెప్పగలమా? డెబ్బై మంది ఉన్న ద్వీపమునకు ఫిడ్డెస్ వంటివాడు పోయాడు గనుకనే తొట్టెలు నిండాయి.

మూడవది, ఆ ప్రజలను గురించి వ్రాసినవారిలో ఎక్కువమంది బయటివారు. మన పల్లె సంఘముల చరిత్ర కూడా ఇంతవరకు ఎక్కువగా మిషనరీల నివేదికలలోనే ఉన్నది. మొదటి బైబిలు స్త్రీ ఎవరు, గుడికి రాళ్లు ఎవరు మోశారు, కరువులో గింజలు ఎవరు పంచారు అనే సంగతులు ఎనభై తొంభై యేండ్ల పెద్దల జ్ఞాపకములో ఉన్నాయి. ఈ శతవార్షిక సంవత్సరము ముగియకముందే ప్రతి సంఘములో ఇద్దరు యౌవనస్థులను నియమించి, ఆ పెద్దల మాటలను, పాత బాప్తిస్మపు రిజిస్టర్లను వ్రాయించి భద్రపరచవలెనని మా మనవి. దీనికి పెద్ద నిధి అవసరము లేదు. ఒక నోటు పుస్తకము, కొంత ఓపిక చాలు.

హిర్టాలోని దేవాలయము నేడు చక్కగా బాగుచేసి ఉన్నది. గోడలు గట్టివి, పైకప్పు కారదు. వేసవిలో యాత్రికులు వచ్చి, టోపీ తీసి లోపలికి తొంగి చూచి పోతారు. ఆ బల్లలమీద కూర్చున్నవారు లేరు. మనకు గోడలకంటె ముందు మనుష్యులున్నారు, దేవునికి స్తోత్రము. వారు ఉండగానే వారిని చూడడానికి పోదాము.